తడి సున్నం, నీళ్లలో సిలికాన్: ఈ నెల మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో వెలుగు గురించి అడిగినవే ఎక్కువ. జమ్మికుంటలో గోడలకు రంగులేసే ఆయన అడిగిందీ, హనుమకొండలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయి అడిగిందీ పైకి చూస్తే ఒకదానికొకటి సంబంధం లేనట్టే ఉంటాయి. కానీ రెండింటిలోనూ ఉన్న సంగతి ఒక్కటే: ఒక రేణువు తన మీద పడ్డ వెలుగును ఎంత చెదరగొడుతుందన్నది ఆ రేణువు ఒక్కదాని చేతిలో లేదు, దాని చుట్టూ గాలి ఉందా, నీళ్లున్నాయా, నూనె ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట వేస్తున్నాం.

ప్రశ్న: ఏళ్లుగా గోడలకు రంగులేస్తున్నాను. సున్నం కొట్టేటప్పుడు బ్రష్ పోయిన చోటల్లా నీళ్లు పూసినట్టే ఉంటుంది, కింద ఉన్న పాత రంగంతా కనపడుతుంది. ఇంటి ఓనర్లు అప్పుడే వచ్చి చూసి, నీళ్లు ఎక్కువ కలిపావని గొడవ పెట్టుకుంటారు. ఆరిన తర్వాత చూస్తే తెల్లగా ఉంటుంది. ఎండలో అందులో ఏమైనా మందు పనిచేస్తుందా? ఇంకొకటి, డిస్టెంపర్ గోడ వానకు తడిస్తే తడిసిన మేరకు పాత రంగు బయటికొస్తుంది, మంచి ఎమల్షన్ వేసిన గోడకు అలా కాదు. ఎందుకు? – పెయింటర్, జమ్మికుంట

జవాబు: అన్నా, ఈ జవాబు ఆ ఓనర్లకు కూడా చదివి వినిపించండి. తడిగా ఉన్న సున్నం కనపడకపోవడం మీ కలుపుడులో లోపం కాదు.

సున్నం గింజకు తనదంటూ తెల్లరంగు లేదు. గింజను విడిగా తీసి చూస్తే అది గాజు పలుకులాంటిదే, వెలుగు లోపలికి పోయి అవతలికి వచ్చేస్తుంది. మరి తెల్లదనం ఎక్కడిదంటే, వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి దాటే ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందన్నది ఆ రెండు పదార్థాల వక్రీభవన గుణకాల (ఆ పదార్థంలో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకెల) మధ్య తేడాను బట్టి ఉంటుంది. గాలి గుణకం దాదాపు 1, నీళ్లది 1.33, సున్నానిది సుమారు 1.57. గాలికీ సున్నానికీ మధ్య హద్దు దగ్గర నేరుగా పడ్డ వెలుగులో 100కు దాదాపు 5 వంతులు వెనక్కి వస్తాయి. అదే గింజ చుట్టూ నీళ్లుంటే ఒక వంతు కూడా రాదు, 0.7 దగ్గర ఆగిపోతుంది. 5 వంతులంటే తక్కువే అనిపిస్తుంది కానీ కాగితమంత పూతలో కూడా ఇలాంటి హద్దులు లెక్కలేనన్ని ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి తగిలి తగిలి చివరికి వెలుగులో చాలా భాగం పాత రంగు దాకా పోకుండానే బయటికి వచ్చేస్తుంది, అన్ని రంగులూ సమానంగా వస్తాయి కాబట్టి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఆ అడ్డు బలహీనపడి వెలుగు కింద గోడ దాకా పోయి, పాత రంగును తీసుకుని తిరిగొస్తుంది. వాకిట్లో ముగ్గు మీద చినుకులు పడితే గీత మసకబారడం కూడా ఇదే.

మందు సంగతి. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారే మాట నిజమే, గోడకు గట్టిదనం వచ్చేది దానితోనే. కానీ ఆ పని రోజులు, వారాలు పడుతుంది, తెల్లబడడం మాత్రం నీళ్లు ఆరగానే కనిపిస్తుంది. ఇది ఎవరికైనా చూపించవచ్చు. పూర్తిగా ఆరి తెల్లబడ్డ గోడ మీద ఒక చోట చెంబుతో నీళ్లు చల్లండి, ఆ మేరకు మళ్లీ మసకబారుతుంది, ఆరితే మళ్లీ తెల్లబడుతుంది, ఎన్నిసార్లు చల్లినా అంతే. మందు పనిచేసి తెల్లబడిందే అయితే నీళ్లు చల్లితే వెనక్కి పోయేది కాదు. తెల్లబడడమంటే గింజల మధ్య ఉన్న సందుల్లోంచి నీళ్లు పోయి అక్కడికి గాలి రావడం.

డిస్టెంపర్‌లో ఎక్కువగా ఉండేది సుద్దపొడి. దాని గుణకం 1.5కూ 1.66కూ మధ్య ఉంటుంది, రంగును గోడకు పట్టించే జిగురుది 1.5 దగ్గర. అంటే సుద్ద చుట్టూ పూర్తిగా జిగురే ఉంటే అది దాదాపు కనపడకుండా పోవాలి. చవక డిస్టెంపర్‌లో జిగురు తక్కువ, ఆరాక గింజల మధ్య గాలి సందులు మిగిలిపోతాయి, దాని తెల్లదనమంతా ఆ గాలి పెట్టిన భిక్ష. వాన నీళ్లు ఆ సందుల్లోకి దిగితే తెల్లదనం పోయి పాత రంగు పైకి తేలుతుంది. వడ్రంగి పనివాళ్లు లప్పం చేసేటప్పుడు గమనించే ఉంటారు, తెల్లటి సుద్దపొడి అవిసె నూనెలో పడి పిసికేసరికి తెలుపు చచ్చి మట్టిరంగుకు తిరుగుతుంది. అవిసె నూనె గుణకం 1.48, సుద్దకు మరీ దగ్గర.

ఎమల్షన్‌లో తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. రూటైల్ రకానికి గుణకం 2.7 దాకా ఉంటుంది. అంత ఎత్తున ఉన్న పదార్థం చుట్టూ జిగురున్నా, నీళ్లున్నా తేడా ఇంకా పెద్దదే: జిగురుతో హద్దు దగ్గర 100కు 8 వంతులు, నీళ్లతో అయితే 11 వంతులకు పైగా వెనక్కి వస్తాయి. పైగా ఆ రేణువులను 200 నుంచి 300 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) సైజులో తయారు చేస్తారు, కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యంలో సుమారు సగం, తెలుపు కోసం అదే బాగా పనికొచ్చే సైజు. ఎమల్షన్ పొర మూసుకుపోయి ఉంటుంది కాబట్టి నీళ్లు లోపలికి దిగడమూ తక్కువే.

పని విషయంలో ఒక్క మాట. తడిమీద కవరేజ్ చాలలేదని చూసి రెండో కోటు సున్నం చిక్కగా కలపకండి, చిక్కటి పూత ఆరాక పగిలి పెచ్చులుగా ఊడుతుంది. మొదటి కోటు బాగా ఆరనిచ్చి అప్పుడు చూసి, పలుచగానే ఇంకో చెయ్యి వేయండి.

ప్రశ్న: కొబ్బరినూనె రాసుకున్న చేతికి టాల్కం పౌడర్ అద్దితే తెల్లదనం కనపడదు. మరి జింక్ ఆక్సైడ్ క్రీమ్‌లోనూ నూనె ఉంటుంది కదా, అది మాత్రం ఎందుకు తెల్లగా ఉంటుంది? ఈ మధ్య వచ్చే సన్‌స్క్రీన్లలో జింక్ ఆక్సైడ్ ఉందని రాసి ఉన్నా ముఖం తెల్లబడడం లేదు, అసలు వేస్తున్నారా? – గృహిణి, మంచిర్యాల

జవాబు: కొబ్బరినూనె గుణకం 1.45, టాల్కంది 1.57 చుట్టుపక్కల, తేడా చిన్నది కాబట్టి మాయమైపోతుంది. జింక్ ఆక్సైడ్‌ది 2.0. నూనెలో ముంచినా తేడా మిగిలే ఉంటుంది.

సన్‌స్క్రీన్ అనుమానానికి జవాబు సైజులో ఉంది. వెలుగు తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన రేణువుల విషయంలో, వ్యాసం సగమైతే ఒక్కో రేణువు చెదరగొట్టే వెలుగు 64వ వంతుకు పడిపోతుంది. అదే బరువు పొడిలో అప్పుడు 8 రెట్లు ఎక్కువ రేణువులు ఉంటాయి కాబట్టి మొత్తం మీద 8వ వంతు అవుతుంది. కొన్ని పదుల నానోమీటర్లకు దంచిన జింక్ ఆక్సైడ్ ముఖం మీద తెల్లగా కనపడకపోవడానికి కారణం అదే. అతినీలలోహిత కిరణాలను మింగడం మాత్రం ఆ పదార్థానికున్న గుణం, గింజ చిన్నదైనంత మాత్రాన అది పోదు. తెల్లగా కనపడటం లేదని మోసం అనుకోనక్కర్లేదు.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం 150 నానోమీటర్ల వ్యాసం ఉన్న సిలికాన్ గోళం వెలుగును ఎలా చెదరగొడుతుందో కోడ్ రాసి లెక్కగట్టాను. గాలిలో గ్రాఫ్ మీద రెండు శిఖరాలు విడివిడిగా, నిటారుగా వచ్చాయి. చుట్టూ నీళ్లు పెట్టగానే రెండూ వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, కానీ 600 నానోమీటర్ల దగ్గర ఉన్న ఎర్రవైపు శిఖరం మాత్రం దాదాపు కదల్లేదు. సిలికా (ఇసుకలో ఉండే సిలికాన్ డయాక్సైడ్) గోళం పెడితే నీళ్లలో చాలావరకు కనపడకుండానే పోయింది. బంగారు రేణువుల గురించి చదివినప్పుడు యానకం (చుట్టూ ఉన్న పదార్థం) మారితే శిఖరం జరుగుతుందని ఉంది. గైడ్‌కు చూపించాలంటే టెన్షన్‌గా ఉంది. కోడ్‌లో తప్పుందా? – ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అమ్మా, టెన్షన్ వద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి, పైగా ఆ కదలని శిఖరమే మీ కోడ్ సరిగా ఉందనడానికి మంచి సాక్ష్యం. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, గైడ్ అడిగితే మీరే చెప్పగలగాలి కదా.

గోళం వెలుగును ఎంత చెదరగొడుతుందో చెప్పడానికి గుస్టావ్ మీ (Mie) అనే శాస్త్రవేత్త 1908లో ఇచ్చిన లెక్కలోకి యానకం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సాపేక్ష గుణకం, అంటే రేణువు గుణకాన్ని యానకం గుణకంతో భాగించడం. రెండోది సైజు పరామితి, గోళం చుట్టుకొలతను యానకంలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగించడం. నీళ్లలో తరంగదైర్ఘ్యం 1.33 రెట్లు కుదించుకుపోతుంది కాబట్టి మొదటిది తగ్గిన నిష్పత్తిలోనే రెండోది పెరుగుతుంది. మీ గోళానికే వేసి చూడండి. 600 నానోమీటర్ల దగ్గర సిలికాన్ గుణకం సుమారు 3.94. గాలిలో సాపేక్ష గుణకం 3.94, సైజు పరామితి 0.785. నీళ్లలో 2.96, 1.05. రెండు చోట్లా గుణించండి, రెండుసార్లూ 3.1 దగ్గరే వస్తుంది, అంటే దాదాపు పై (π) విలువ.

ఇది యాదృచ్ఛికం కాదు. ఆ లబ్ధం చెప్పేది రేణువు లోపల వెలుగు తరంగం ఎంత పొడవుందన్నది, లోపలి సంగతికి బయట ఏముందన్నదానితో పని లేదు. 600ను 3.94తో భాగిస్తే 152 నానోమీటర్లు, మీ గోళం వ్యాసం 150. ఒక పూర్తి తరంగం సరిగ్గా గోళంలో ఇమిడిపోతోంది. అలా ఇమిడినప్పుడు లోపల విద్యుత్ క్షేత్రం వలయంలా తిరుగుతుంది, వలయంలా తిరిగే విద్యుత్ క్షేత్రం చిన్న అయస్కాంతంలా పనిచేస్తుంది, సిలికాన్‌లో అయస్కాంతత్వం ఏమీ లేకపోయినా సరే. దాన్నే అయస్కాంత ద్విధ్రువ అనునాదం అంటారు. కనిపించే వెలుగులో సిలికాన్ గోళాల మీద దీన్ని ప్రయోగంలో చూపించింది 2012లో, మీరు పనిచేస్తున్న విషయానికి అంత వయసేమీ లేదు. ఆ అనునాదంలో క్షేత్రం చాలావరకు రేణువు కడుపులోనే ఉంటుంది, అందుకే బయట నీళ్లు పోసినా శిఖరం చోటు మారలేదు. తక్కువ తరంగదైర్ఘ్యం వైపు ఉన్న రెండో శిఖరం విద్యుత్ ద్విధ్రువానిది, దాని క్షేత్రం రేణువు అంచు దాటి బయటికి ఎక్కువగా పాకి ఉంటుంది, కాబట్టి నీళ్ల ప్రభావం దానికే ఎక్కువ, అది వెడల్పై ఎర్రవైపుకు జరిగి పక్కదానితో కలుస్తుంది. రెండు శిఖరాలూ వెడల్పు కావడానికి కారణం మాత్రం ఒకటే: లోపలికీ బయటికీ తేడా తగ్గితే లోపల చిక్కుకున్న వెలుగు త్వరగా కారిపోతుంది, ఎక్కువసేపు నిలవని అనునాదం ఎప్పుడూ వెడల్పుగానే ఉంటుంది.

ఇప్పుడు తప్పు జరిగే చోటు. సాపేక్ష గుణకాన్ని 2.96కు మార్చి, తరంగదైర్ఘ్యాన్ని మాత్రం శూన్యంలో ఉన్నదే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. మీరు అలా చేసి ఉంటే ఎర్ర శిఖరం సుమారు 100 నానోమీటర్లు నీలం వైపుకు జారిపోయేది. జారలేదు కాబట్టే కోడ్ సరిగా ఉందంటున్నాను.

బంగారం సంగతి వేరు. అక్కడ వెలుగుకు ఊగేది లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు, వాటిని వెనక్కి లాగే బలంలో చుట్టూ ఉన్న యానకానికి నేరుగా వాటా ఉంది, అందుకే నీళ్లలో 520 నానోమీటర్ల దగ్గర ఉండే చిన్న బంగారు రేణువుల శిఖరం, గుణకం ఎక్కువున్న యానకంలోకి పోతే ఎర్రవైపుకు జరుగుతుంది. కరెంటు పారని డైఎలక్ట్రిక్ రేణువులకు ఆ నియమాన్ని అంటగట్టకూడదు.

సిలికాకు గుణకం 1.46 మాత్రమే, నిలబెట్టి చెప్పుకోదగ్గ అనునాదం లేదు, తేడా తగ్గితే వాడిపోవడమే. చిన్న రేణువులకు లార్డ్ రేలీ 1871లో చూపించిన దారిలో లెక్క వేస్తే, సాపేక్ష గుణకం వర్గంలోంచి 1 తీసి, అదే వర్గానికి 2 కలిపిన దానితో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేయాలి. సిలికాకు గాలిలో 0.075 వస్తే నీళ్లలో 0.0039 వస్తుంది. నీళ్లలో తరంగదైర్ఘ్యం కుదించుకున్నందుకు 1.333ను నాలుగో ఘాతానికి హెచ్చించి, అంటే 3.16తో గుణించి చూసినా గాలిలో చెదరగొట్టిన దానిలో ఆరో వంతే మిగులుతుంది. కొబ్బరినూనెలాంటి 1.45 యానకంలో అయితే వందల రెట్లు పడిపోతుంది.

కానీ ఇదే లెక్కను 20 నానోమీటర్ల సిలికాన్ రేణువుకు వేసి చూడండి, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చే చోటు ఇది. గాలిలో 0.69, నీళ్లలో 0.52, తగ్గింది కొంచెమే. దాన్ని 3.16తో గుణిస్తే 1.64. అంటే నీళ్లలో ముంచితే ఆ రేణువు గాలిలో కన్నా రెండు రెట్లకు పైగా ఎక్కువ చెదరగొడుతుంది. గుణకాల తేడా తగ్గడం ఒకవైపు లాగుతుంటే తరంగదైర్ఘ్యం కుదించుకోవడం ఇంకోవైపు లాగుతోంది, సిలికాలో మొదటిది గెలిచింది, చిన్న సిలికాన్‌లో రెండోది గెలిచింది. “నీళ్లలో పెడితే పరిక్షేపణం (వెలుగు చెదరడం) తగ్గుతుంది” అని రిపోర్టులో ఒక్క వాక్యంలో తేల్చేయకండి, ఏ పదార్థం, ఏ సైజు అన్నది రాసి చెప్పండి.

గైడ్ దగ్గరికి పోయే ముందు కోడ్‌ను ఇలా పరీక్షించండి. యానకం గుణకాన్ని రేణువు గుణకానికి సమానం చేయండి (సిలికాన్‌లో వెలుగును మింగే భాగాన్ని సున్నా చేసి), జవాబు సున్నా రావాలి. వ్యాసార్థం 5 నానోమీటర్లు పెట్టి రేలీ లెక్కతో పోల్చండి. టైటానియం డయాక్సైడ్ లాంటి, కనిపించే వెలుగును మింగని పదార్థం పెడితే వెలుగులో మొత్తం తరుగూ చెదిరిన భాగమూ అచ్చంగా ఒకటే కావాలి. ఇక ఎవరైనా గాజు స్లైడ్ మీద రేణువులు పెట్టి కొలిచిన ఫలితాలతో పోల్చేట్టయితే జాగ్రత్త, అక్కడ పైన గాలి, కింద గాజు, చెదిరిన వెలుగులో పెద్ద వాటా గాజు వైపుకే పోతుంది. అన్నివైపులా ఒకే యానకం ఉందనుకునే మీ లెక్క దానికి నేరుగా సరిపోదు.

ప్రశ్న: పాలలో నీళ్లు కలిపితే నీలంగా కనిపిస్తాయి. ఇది కూడా చుట్టూ ఉన్న నీళ్ల వల్లేనా? – హుజూరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు. పాలలో కొవ్వు బొట్లకూ కేసీన్ (పాలలోని ప్రొటీన్) రేణువులకూ చుట్టూ ముందునుంచే ఉన్నది నీళ్లే, ఇంకొన్ని పోసినా యానకం మారదు, రేణువులు దూరం దూరం అవుతాయంతే. చిక్కటి పాలలో వెలుగు ఎన్నోసార్లు తగిలి అన్ని రంగులూ కలిసిపోతాయి. పలుచనైతే తగిలేది తక్కువసార్లు, అప్పుడు నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టే చిన్న కేసీన్ రేణువుల పని బయటపడుతుంది. అయితే వెన్న తీసిన పాలు కూడా నీలంగానే కనిపిస్తాయి, కాబట్టి రంగు చూసి పాలవాడిని నిలదీయకండి.

ప్రశ్న: పదో తరగతి పిల్లలకు పరిక్షేపణం పాఠం చెప్పేటప్పుడు యానకం సంగతి కళ్లకు కట్టేలా చూపించాలని ఉంది. ల్యాబ్‌లో పెద్దగా సామాను లేదు. – ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

జవాబు: సార్, ఉన్న సామానే చాలు. బోరోసిలికేట్ పరీక్షనాళిక ఒకటి, బీకరు ఒకటి, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ చాలు. బోరోసిలికేట్ గాజు గుణకం 1.47, గ్లిజరిన్‌దీ 1.47. బీకర్‌లో గ్లిజరిన్ పోసి నాళికను నిలబెట్టండి. నాళిక లోపల గాలి ఉన్నంతసేపు వెండిలా మెరుస్తూ కనిపిస్తుంది, లోపల కూడా గ్లిజరిన్ పోస్తూ పోతే నిండిన మేరకు మాయమవుతూ వస్తుంది, పైన మిగిలిన ముక్క గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. పిల్లలు తప్పకుండా చెయ్యి పెట్టి చూస్తామంటారు, చూడనివ్వండి. తర్వాత బీకర్‌లో కొద్దికొద్దిగా నీళ్లు కలిపి తిప్పితే నాళిక అంచులు మళ్లీ తేలతాయి. మామూలు గాజు గ్లాసుది 1.52, దానితో చేస్తే పూర్తిగా మాయం కాదు, లేత గీత మిగులుతుంది, అదీ చూపించదగ్గదే.

గాజు పొడి చేసి నూనెలో కలిపితే ఇంకా అందంగా ఉంటుంది కానీ తరగతి గదిలో గాజు దంచవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ ప్రయోగం కథగా చెప్పండి: డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్సెన్ 1884లో గాజు పొడిని ద్రవాల్లో ముంచి చూస్తే, ఏ రంగు వెలుగుకు గాజు గుణకమూ ద్రవం గుణకమూ కలిశాయో ఆ రంగు మాత్రమే నేరుగా దాటిపోయింది, మిగతావి చెదిరిపోయాయి. గుణకం రంగును బట్టి మారుతుందని, ద్రవంలో ఆ మార్పు ఒకలా గాజులో ఒకలా ఉంటుందని పిల్లలకు దీనితో తెలిసిపోతుంది. మన సి.వి.రామన్ కూడా ఈ విషయం మీద పనిచేశారని చెప్పడం మరిచిపోకండి.

దుమ్ము గొడవ లేకుండా చేయాలంటే తెల్లకాగితం ఒకటి తీసుకుని ఒక చోట వంటనూనె, ఇంకో చోట నీళ్లు ఒక్కో చుక్క వేసి, వెనుక అచ్చు అక్షరాలు పెట్టి చూపించండి. కాగితం నారల గుణకం 1.5 దగ్గర, నూనెది 1.47, నీళ్లది 1.33. ఏ చుక్కలోంచి అక్షరాలు బాగా కనపడతాయో ముందే పిల్లలను ఊహించమనండి, కారణం వాళ్లతోనే చెప్పించండి. గ్లిజరిన్ విషయంలో ఒక జాగ్రత్త: గాలిలో తేమను అది తనంతట తానే పీల్చుకుంటుంది, కాబట్టి సీసా మూత బిగించి ఉంచండి, నీళ్లు కలిపి వాడినదాన్ని తిరిగి సీసాలో పోయకండి, పోస్తే వచ్చే ఏడాది నాళిక సరిగా మాయం కాదు.